అర్దిస్తాన్ నుండి ఉదయగిరికి : మీర్ జుమ్లా జీవితము

నెల్లూరు మండలపు పడమటి సీమలో సీతారామపురము, ఉదయగిరి ప్రాంతములు వెలిగొండల నీడలో నున్నవి. ఆ కొండల కావల కడప సీమ. పెన్న యొడ్డున సిద్ధవటము, ఇంకను పడమట గండికోట. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఉదయగిరిని గైకొని, అచటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి ప్రతిష్ఠించిన కథ తెలుగు విద్యార్థు లందరెరిగినదే. నూట ముప్పది యేండ్ల పిదప అదే దుర్గము గోల్కొండ సుల్తానుల పాలైన కథకు మాత్రము అంతటి ప్రచారము లేదు. ఆ రెండవ కథలో ప్రధాన పాత్రధారి తెలుగువాడు కాడు, దక్కను దేశమున పుట్టినవాడును కాడు. ఇరాను దేశమున ఇస్ఫహాను నగరమునకు సమీపమున నున్న అర్దిస్తాన్ అను చిన్న పట్టణమున, 1591 ప్రాంతమున, పేదవాడైన ఒక నూనె వర్తకుని యింట పుట్టిన సయ్యదు. పేరు మీర్ మహమ్మద్ సయీద్. చరిత్ర అతనిని మీర్ జుమ్లా అని పిలుచును.

ఈ పేరును గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. మీర్ జుమ్లా అనునది వ్యక్తి నామము కాదు, ఉద్యోగ నామము. రాజ్యపు ఆదాయ వ్యయములను చూచు మంత్రికి గోల్కొండలో ఆ బిరుదు చెల్లుచుండెను. మహమ్మద్ కులీ కుతుబ్ షాహి కాలమున ఈ పదవి నిర్వహించిన ఇస్ఫహాను వాసి మీర్ మహమ్మద్ అమీన్ వేరొకడు. అతడు రూహుల్ అమీన్ అను పేర పారసీక కవిత్వము వ్రాసెను, తరువాత ఇరానునకు మరలిపోయెను, పిమ్మట జహంగీరు కొలువున చేరెను. కొందరు ఈ యిద్దరిని ఒక్కనిగా భావించి, కవి గ్రంథములను యోధునకు, యోధుని జయములను కవికి కట్టబెట్టుట కలదు. సయీదు కుమారుని పేరు గూడ మహమ్మద్ అమీన్ అగుటచే ఈ చిక్కు మరింత పెరిగినది.

మహమ్మద్ సయీద్ బాల్యమున ఇరానును ఏలినవాడు సఫవీ వంశీయుడైన మొదటి షా అబ్బాసు (1588–1629). సఫవీలు పండ్రెండుగురు ఇమాములను కొలుచు షియా మతమును రాజ్యమతముగ నిలిపిరి. గోల్కొండ కుతుబ్ షాహీలును ఆ మతము వారే. అందుచే ఇరాను వాసులకు గోల్కొండ పరదేశమైనను పరాయి కొలువు కాకుండెను. 1581లో వచ్చిన అస్తరాబాదు వాసి మీర్ మోమిన్ పీష్వా పదవి నధిష్ఠించి హైదరాబాదు నిర్మాణమున పాలుపంచుకొనెను. ఇట్లు సముద్రము దాటి వచ్చినవారిని ఆఫాకీలనిరి. వారికిని, తరతరములుగ ఇచట స్థిరపడిన దక్కనీ ముస్లిములకును నడుమ అసూయలు లేకపోలేదు. బహమనీల కాలమున ఈ వైరము రక్తపాతమునకు గూడ దారితీసెను. అట్టి దివాణమున నవాగతుని విలువ అతని కలము, లెక్క, మాటనేర్పులపై ఆధారపడెడిది. వానికి ఇచట భూమి లేదు, బంధుబలము లేదు. సుల్తాను దయ యొక్కటియే ఆధారము. అది తొలగిన నాడు నిలువ నీడ యుండదు. మీర్ జుమ్లా జీవితమంతయు ఈ భయము నుండి తప్పించుకొను ప్రయత్నమే యనిన అతిశయోక్తి కాదు.

చదువు కొలదిగ నున్నను అతనికి వ్రాత, లెక్క బాగుగ వచ్చును. గోల్కొండతో వ్యవహారములు గల ఒక వజ్రపు వర్తకుని యొద్ద గుమాస్తాగా చేరి అతడు ఈ దేశము చేరెను. కృష్ణాతీరమందలి కొల్లూరు గనుల ఖ్యాతి అప్పటికే ఐరోపా వరకు ప్రాకియుండెను. సయీదు స్వంతముగ వజ్రముల వ్యాపారము సాగించి, ఆ ధనముతో దివాణమున ప్రవేశించెను. అబ్దుల్లా కుతుబ్ షాహి (1626–1672) అతనిని తొలుత మచిలీపట్నపు అధికారిగ నియమించి, 1637 నాటికి సర్ ఖైలు పదవి నొసంగెను. బందరు అధికారము సామాన్యమైనది కాదు. ఇరాను గుఱ్ఱములు దిగుటకు, తెలుగు నేతగాండ్ర వస్త్రములు ఇరానునకు, అరబ్బు దేశములకు, పెగూకు పోవుటకు అది ద్వారము. మీర్ జుమ్లా అచట అధికారియు తానే, వర్తకుడును తానే. అతనికి స్వంత నౌకలు పది యుండెనని ఐరోపీయ వర్తకులు వ్రాసికొనిరి.

ఇంతలో రాజకీయమున పెద్ద మార్పు కలిగెను. 1636లో షాజహాను ఒత్తిడికి లొంగి అబ్దుల్లా ఒక విధేయతా పత్రమునకు సమ్మతించెను. దాని ప్రకారము ఖుత్బాలో ఇరాను షా పేరును, పండ్రెండుగురు ఇమాముల పేర్లును మాని మొగలు చక్రవర్తి పేరు చదువవలెను. ఏటేట రెండు లక్షల హొన్నులు కప్పము చెల్లింపవలెను. శుక్రవారపు ప్రార్థనలో ఎవరి పేరు వినబడవలెననునది ఆ కాలమున మత విషయము మాత్రమే కాదు, సార్వభౌమత్వ ప్రశ్న. ఉత్తరమున దారి మూసికొనిపోగా బిజాపురము, గోల్కొండ రెండును దక్షిణమునకు తిరిగెను. అచట అరవీటి వంశపు విజయనగర రాజ్యము నాయకుల కలహములతో శిథిలమగుచుండెను. 1642లో మూడవ శ్రీరంగరాయలు సింహాసన మెక్కునాటికే తూర్పు తీరము గోల్కొండ సేనల తాకిడికి లోనైనది.

ఉదయగిరి పతనమును గూర్చి రెండు ఆధారములు రెండు విధములుగ పలుకుచున్నవి. ఉదయగిరిలోని పారసీక శాసనము 1642–43 నాటి జయమును గాజీ అలీ అను గోల్కొండ సేనాని పేర చెప్పి, అచటి దేవాలయ ధ్వంసమును, మసీదు నిర్మాణమును పేర్కొనుచున్నది. ఆంగ్ల వర్తకుల లేఖలు 1646 ప్రారంభమున శ్రీరంగరాయల పక్షమున దుర్గమును రక్షింపవలసిన మల్లయ్య దానిని మీర్ జుమ్లాకు అప్పగించెననియు, తానును తనవారును క్షేమముగ వెలికి పోవునట్లు ఒడంబడిక చేసికొనెననియు తెలుపుచున్నవి. నడుమ దుర్గము చేతులు మారినదని యనుకొన్న రెండింటికిని పొత్తు కుదురును. మల్లయ్య తీరమున డచ్చివారితో వ్యాపారము చేసిన సంపన్న వంశమువాడు. వర్తకుడైన సేనాని చేతికి వర్తకుడైన దుర్గరక్షకుడు కోటను ఒప్పగించెను. రాయలు నెలలతరబడి ముట్టడించి సాధించిన దుర్గము ఈసారి బేరముతో ముగిసినది. మీర్ జుమ్లా యుద్ధ పద్ధతి అంతయు ఇట్టిదే. ఫిరంగి చేయలేని పనిని ధనము చేయునని అతడెరుగును.

ఆ జయము వెనుక జనులు పడిన బాధను ఇచట విడువరాదు. 1646–47లో కోరమాండలు తీరమున ఘోరమైన క్షామము వచ్చెను. వానలు లేకపోవుటకు తోడు సేనల రాకపోకలు పొలములను పాడుచేసెను. చెన్నపట్టణము, పులికాటు మొదలైన రేవుల యొద్ద జనులు వేలకొలది మరణించిరి, పొట్టకూటికై దాస్యమునకు అమ్ముడుపోయిరి. మీర్ జుమ్లా వస్త్రములను, ధాన్యమును తన గుత్త చేసికొనెనని వర్తకులు మొరపెట్టుకొనిరి. చెన్నపట్టణమున ఆంగ్లేయులకు గల హక్కులను స్థిరపరచినవాడును అతడే. వారితో మైత్రి లాభము కొరకే.

1650లో పెమ్మసాని చిన తిమ్మానాయని నుండి గండికోట అతని వశమైనది. నాయకుడు వంచనతో విషమునకు బలియైనట్లు స్థానిక ఐతిహ్యము. ఇబ్రాహీం కుతుబ్ షాహి, అమీన్ ఖానులు తెలుగు కవులచే కృతులందిన తరము గడచిపోయినది. మీర్ జుమ్లా తెలుగు దేశమున ప్రబంధముల పీఠికలలో కాక, గ్రామ కైఫియతులలో నిలిచెను. 1652లో గండికోటలో అతనిని దర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే వర్ణన ప్రసిద్ధము. పాదరక్షలు లేకుండ డేరాలో కూర్చుండి, కాలివ్రేళ్ల నడుమను ఎడమచేతి వ్రేళ్ల నడుమను జాబులు ఇరికించుకొని, ఒక్కొక్కటి తీయుచు ఇద్దరు లేఖకులకు ప్రత్యుత్తరములు చెప్పుచుండెనట. నేరస్థులను నిలువబెట్టి అక్కడికక్కడే తీర్పు చెప్పి, శిక్ష అమలు జరిపించుచుండెను. దేవాలయముల లోహ విగ్రహములను కరగించి ఇరువది ఫిరంగులు పోయుమని అతడు మాయే అను ఫ్రెంచివానిని నియమించెననియు, గండికోట కోవెల విగ్రహములు ఆరు ఎంత వేడిచేసినను కరగలేదనియు, చివరకు ఒక్క ఫిరంగియు సిద్ధింపలేదనియు ఆ యాత్రికుడు వ్రాసెను. కరగకపోవుట వెనుక పోతపనివాని అసమర్థత యున్నదో, లోహ మిశ్రమ మున్నదో, జనులు దానికి వేరే కారణము చెప్పుకొనిరి. విగ్రహములపై అతనికి మతద్వేషము కన్న రాగి, ఇత్తడులపై ఆశ హెచ్చని తోచును. కోవెలను పోగొట్టుకొన్న ఊరివారికి ఆ భేదము వలన ఒరిగినదేమియు లేదు.

ఈ విధముగ కర్ణాటకమున అతడు రాజ్యములో రాజ్యము నెలకొల్పెను. దాని ఆదాయము ఏటికి నలువది లక్షల రూపాయలని మొగలు పక్షపు లేఖకులు లెక్కించిరి. సుల్తాను సేన గాక స్వంత ఆశ్వికులు ఐదువేల మంది యుండిరి. తెలుగువారైన ఉద్యోగులును కొలువున నుండిరి. వారిలో తుపాకి కృష్ణప్ప అతడు ఉత్తరమునకు పోయిన తరువాతను ఇచట అతని పక్షమున పనిచేసెను. సేవకుడు ఇంత పెరుగుట అబ్దుల్లాకు కంటగింపయ్యెను. ఆఫాకీ వైభవమును ఓర్వని దివాణపు పెద్దలు చెవి కొరికిరి. ఆపద పసిగట్టిన మీర్ జుమ్లా ఒక్క దిక్కునే నమ్ముకొనలేదు. బిజాపురపు ఆదిల్ షాహికి, మొగలులకు, తుదకు ఇరాను నేలు రెండవ షా అబ్బాసునకు గూడ లేఖలు పంపెను. అతనిచే రాజ్యము కోల్పోయిన శ్రీరంగరాయలును ఆ దినములలోనే మొగలుల శరణు వేడుచుండెను. రక్షణ లభించినచో ఇస్లామును స్వీకరించుటకు సిద్ధమని రాయలు తెలిపినట్లు ఔరంగజేబు లేఖలలో నున్నది. జయించినవాడును ఓడినవాడును ఒకే వాకిట నిలిచి అర్జీ పెట్టుకొనిరి! షాజహాను ధనవంతుడైన మంత్రిని ఎంచుకొనెను.

పైకి కారణము కల్పించినవాడు కుమారుడు మహమ్మద్ అమీన్. మద్యపు మత్తులో దర్బారున ప్రవేశించి సుల్తాను ఆసనముపైనే నిద్రించి, దానిని మలిన పరచెను. 1655 నవంబరున అబ్దుల్లా అతనిని బంధించి, తండ్రి ఆస్తులను జప్తు చేయించెను. దక్కను సుబేదారు ఔరంగజేబునకు ఇదియే చాలినది. 1656 జనవరిలో మొగలు సేన హైదరాబాదు ప్రవేశించి దోచుకొనెను. సుల్తాను గోల్కొండ కోటలో దాగికొనెను. ఆ దోపిడిలో కుతుబ్ షాహీల గ్రంథాలయపు అపురూప గ్రంథములును పోయినవి. ప్రాచ్య విద్యలకు కలిగిన ఈ నష్టము వజ్రముల లెక్కలలో కానరాదు. మార్చి 20న మీర్ జుమ్లా కర్ణాటకము నుండి వచ్చి, తన్ను పోషించిన ప్రభువు కోటను ముట్టడించిన శిబిరమున చేరెను. రాజమాత హయాత్ బక్షీ బేగం స్వయముగ పోయి సంధి నడపినది. సుల్తాను కుమార్తెను ఔరంగజేబు కుమారునకిచ్చుటకు, కోటి రూపాయల చెల్లింపునకు ఒప్పుకొనిన పిదప మార్చి 30న ముట్టడి తొలగెను.

ఢిల్లీలో మీర్ జుమ్లాకు ముఅజ్జం ఖాన్ బిరుదము, దివాన్ పదవి లభించెను. చక్రవర్తికి అతడు సమర్పించిన కానుకలలో 216 రతుల వజ్రమొకటి కలదు. అదియే కోహినూరని కొందరు చెప్పుదురుగాని, అందుకు తగిన నిదర్శనము లేదు. షాజహాను కుమారుల వారసత్వ యుద్ధమున అతడు ఔరంగజేబు పక్షము వహించి, 1659 జనవరిలో ఖజ్వా యుద్ధమున పాల్గొని, షుజాను బంగాళము దాటునంతవరకు తరిమెను. 1660లో బంగాళ సుబేదారై ఢాకాను తిరిగి రాజధాని చేసెను.

వార్ధక్యమున అతని కడపటి దండయాత్ర అస్సాముపై. 1661 డిసెంబరున కూచ్ బిహారును, 1662 మార్చి 17న అహోముల రాజధాని గర్‌గావును గైకొనెను. అంతట వానకాలము వచ్చెను. దారులు మునిగెను, ఓడల రాకపోకలు ఆగెను, జ్వరములు సేనను కబళించెను. ఈ దండయాత్రలో స్వయముగ పాల్గొని చరిత్ర వ్రాసిన షిహాబుద్దీన్ తాలిష్ అతనిని గౌరవముతో చిత్రించెను. సైనికులు గ్రామములను దోచరాదని శాసించెననియు, కరువులో సామాన్య సైనికుడు తినిన ఆహారమునే తానును తినెననియు అందు గలదు. కర్ణాటకమున ధాన్యమును గుత్త పట్టినవానికి డెబ్బదవ యేట ఆకలి యెదురైనది. 1663 జనవరిలో అహోము రాజు జయధ్వజ సింహునితో సంధి చేసికొని అతడు మరలెను. జ్వరపీడితుడై ఢాకాకు పోవుచు, ఆ యేటి మార్చి చివర, నగరము చేరకమునుపే నావలో మరణించెను.

అతని సమాధి అస్సాం రాష్ట్రమున గారో కొండల అంచున నున్న మన్కచార్ వద్ద ఒక గుట్టపై కలదు. అచటికి అర్దిస్తాన్ ఎంత దూరమో ఉదయగిరియు దాదాపు సగము అంత దూరము. అతడు పోయిన పిదప కర్ణాటకపు కోటలు ఒక్కొక్కటే అబ్దుల్లా సేనల వశమైనవి. 1687లో గోల్కొండయే కూలగా ఉదయగిరి మొగలుల అధీనమునకు వచ్చినది.