అపర భగీరథుడు ఆర్థర్ కాటన్

కృష్ణానది చెంతనే ప్రవహిస్తున్నా, దాని తీరంలో ప్రజలు అన్నానికి అలమటించిన కాలమొకటి ఉండేది. 1832-33లో సంభవించిన డొక్కల కరువుకు గుంటూరు ప్రాంతంలోని ఐదు లక్షల జనాభాలో దాదాపు రెండు లక్షల మంది బలయ్యారని అంచనా. నేల సారవంతమైనదే. కాని నదీజలాన్ని పొలాలకు మళ్లించే ఏర్పాటు లేకపోవడంతో వరదనీరంతా సముద్రం పాలయ్యేది. ఆ ఏర్పాటుకై జీవితాన్ని ధారపోసిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

ఆయన 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరుకున్నారు. కొల్లిడం నదిపై ఆనకట్టలు నిర్మించి తంజావూరు సేద్యాన్ని నిలబెట్టారు. 1847లో ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్టను ప్రారంభించి 1852 నాటికి పూర్తిచేశారు. ఆయన ప్రోత్సాహంతోనే కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట ఏర్పడింది. దాని కాలువలు ఉయ్యూరు మొదలైన గ్రామాల పొలాలకు నీరందించాయి. కాలక్రమంలో ఆ ప్రాంతం వరికీ చెరకుకూ నిలయమైంది.

ఉద్యోగ విరమణ తరువాత కూడా కాటన్ విశ్రమించలేదు. రైలుమార్గాలకన్న కాలువలే కరువును నివారిస్తాయని 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట వాదించారు. ఎనభై ఏళ్లు పైబడిన వయస్సులో డార్కింగ్ పట్టణంలోని తన తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి, కొద్దిపాటి భూమిలోనే అధిక దిగుబడి సాధించే మార్గాన్ని అన్వేషించారు. 1899 జూలై 24న కన్నుమూశారు.

నేటి భారత భూభాగంలో 1901లో సుమారు 24 కోట్ల మంది ఉండగా, ఇప్పుడు జనాభా 140 కోట్లు దాటింది. భూమి మాత్రం పెరగలేదు. 1952లో గండిపడిన పాత ఆనకట్ట స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసింది. ఎగువ రాష్ట్రాల్లోనూ జలాశయాలు పెరగడంతో కృష్ణ నీరు డెల్టాకు సకాలంలో చేరడం కష్టమైంది. అందుచేత 2015లో పట్టిసీమ వద్ద గోదావరి జలాన్ని ఎత్తిపోసి కృష్ణకు తరలించవలసి వచ్చింది. నదులూ అక్షయపాత్రలు కావు. నీటిని పొదుపుగా వాడుతూ, ఉన్న నేలలోనే దిగుబడిని పెంచుకున్నప్పుడే సేద్యం రాబోయే తరాలకు అన్నం పెట్టగలదు. కాటన్ జీవితం బోధించే సత్యం ఇదే.