కంచర్ల గోపన్న రామదాసైన వేళ

భద్రగిరి పాదాలను తాకి ప్రవహించే గోదావరి, ధవళేశ్వరం ఆనకట్ట వద్ద కాలువలుగా చీలి, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వరకు మన పొలాలను తడుపుతున్నది. ఆ పొలాల నుంచి దిగిన నీరు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తున్నది. భద్రాద్రితో మన సీమకు గల బంధం నీటితోనే ఆగలేదు. శ్రీరామనవమికి పందిరి వేయని ఊరు, రామదాసు కీర్తన వినిపించని భజన మందిరం ఇక్కడ అరుదు. జీర్ణోద్ధరణ పూర్తయి పునఃప్రతిష్ఠ జరుపుకొంటున్న ఈ శుభవేళ, ఆలయ నిర్మాణానికై సర్వస్వం పణంగా పెట్టిన ఆ మహాభక్తుని చరిత్రను స్మరించుకోవడం ఎంతైనా సముచితం.

17వ శతాబ్దిలో, నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లిలో లింగన్న మంత్రి, కామాంబ దంపతులకు గోపన్న జన్మించాడు. వారి ఇంటిపేరు కంచర్ల. గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువులో ఉన్నత పదవులలో వెలిగిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని ప్రతీతి. వారి ఆదరంతో ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడు. ఏలూరు, కొల్లేటి సీమలు కూడా ఆనాడు గోల్కొండ ఏలుబడిలోనివే. ఆ కాలంలో తహసీల్దారంటే ప్రజలకు ప్రభువు ప్రతినిధి. వంశం, పదవి, బంధుబలం మూడూ గోపన్నకు సమకూరాయి. లోకం ఆయనను గుర్తించినది వాటితోనే.

భద్రాచలంలో పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి పూజిస్తున్న సీతారామలక్ష్మణుల మూర్తులను దర్శించిన నాటి నుండి ఆయన జీవితం మారింది. స్వామికి ఆలయం కట్టించాడు, ఆభరణాలు చేయించాడు. అయితే అందుకు వెచ్చించిన సొమ్ము శిస్తుగా వసూలైనది, గోల్కొండ ఖజానాకు చేరవలసినది. ఉద్దేశం పవిత్రమైనా, అనుమతి లేని వ్యయం ప్రభువు దృష్టిలో నేరమే. గోపన్నను కోటలో బంధించారు. ఆ చెర 12 సంవత్సరాలు సాగిందని సంప్రదాయం. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాను యాత్రికులు నేటికీ దర్శిస్తున్నారు.

ప్రభువు ఇచ్చిన పదవిని ప్రభువే తీసుకున్నాడు. బంధువుల పలుకుబడి చెర తలుపు తెరవలేకపోయింది. అన్నీ తొలగిన తరువాత తాను ఎవరు అన్న ప్రశ్నకు గోపన్న కీర్తనలే సమాధానమైనాయి. వాటిలో ఆయన స్వామిని వేడుకొన్నాడు, అలిగాడు, నిందించాడు. నగలకు ఎంతెంత వ్యయమైనదో తహసీల్దారు వలెనే పద్దు విప్పి అడిగాడు. దెబ్బల బాధకు తాళలేక పరుషంగా పలికినందుకు మరల క్షమాపణ కోరాడు. కోపంలోనూ దుఃఖంలోనూ తాను రాముని వాడినన్న మాట మాత్రం విడువలేదు. ఉద్యోగి గోపన్న చెరలో మిగలలేదు, రాముని దాసుడు మిగిలాడు. దాశరథీ శతకం కూడా ఆయన రచనగానే తెలుగువారి ఇళ్లలో నిలిచింది.

రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు బాకీ చెల్లించి ఆయనను విడిపించారని భక్తుల విశ్వాసం. కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతోనే మొదలైనదని చెబుతారు. ప్రభుత్వం ఆ ఆచారాన్ని నేటికీ పాటిస్తున్నది. 1686లో అక్కన్న, మాదన్నలు హతులయ్యారు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. కొలువు పోయింది, పరగణా పోయింది, రామదాసు అన్న పేరు మాత్రం నిలిచింది. తరువాతి శతాబ్దిలో కావేరీ సీమలో జన్మించిన త్యాగరాజస్వామి (1767–1847) తన కృతులలో ఆ పేరును భక్తితో తలచుకొన్నారు.

ఆలయ కార్యంలో పాలుపంచుకొనే మనకు ఈ చరిత్ర రెండు విషయాలు బోధిస్తున్నది. దేవుని సొమ్ముకైనా, దేవుని కోసం ఖర్చు చేసే సొమ్ముకైనా లెక్క ఉండాలి. ఇక శిలాఫలకంపై పేరు దాత చేసిన సేవకు గుర్తు, అది ఉండవలసినదే. కాని మనిషికి తానెవరో తెలిపేది ఆ అక్షరం కాదు, స్వామితో పెంచుకొన్న సంబంధం. పదవి, ధనం దూరమైన రోజున కూడా తనది అని చెప్పుకోగలిగినది అదొక్కటే.

అట్టి అచంచల భక్తిని ఈ మహోత్సవంలో పాల్గొన్న దాతలకు, భక్తులకు, వారి కుటుంబాలకు శ్రీ సీతారామచంద్రస్వామి ప్రసాదించుగాక!