సర్వేయరు క్లౌ దొరగారు

పదవ తరగతి ఫలితాలు రాగానే ఏ కోర్సు అని ఇంటింటా తర్జనభర్జన మొదలగును. అప్పుడెల్ల మాకు ఒంగోలు క్లౌ దొరగారు గుర్తుకు వస్తారు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రములో జన్మించారు. యౌవనములో మిన్నెసోటాలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకొన్నారు. కోరిక మాత్రము లాయరు కావలెనని. అయోవాలో చదువుచుండగా ప్రభువును ఎరిగి, ఆ ఆశ వదలుకొన్నారు. 1865లో తెలుగు దేశము చేరి, మరుసటి ఏడు ఒంగోలులో స్థిరపడ్డారు.

ఇక సర్వే చదువు వృథాయే అనుకొందుము. కాని 1876లో ఘోరమైన కరువు వచ్చినది. ఆకలిగొన్న జనమునకు కూలి దొరకవలెనని దొరగారు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుకు తీసికొన్నారు. కొలతలు ఆయనకు కొత్త కావు గదా! మన బోధకులే మేస్త్రీలుగా నిలిచి, విశ్రాంతి వేళ వాక్యము చెప్పేవారు. కూలి కొరకే మతములో కలిసిరను మాట రాకూడదని, కరువు పని సాగినంత కాలము దొరగారు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. అడిగినవారిని కూడ ఆపి ఉంచుట తేలిక కాదు; మాకు ఇదే అన్నిటికంటె గొప్పగా తోచును.

1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు మన తెలుగు బోధకులే.

దొరగారు 1910లో అమెరికాలో కన్నుమూశారు. చెన్నైలోని మనవారు అదే కాలువను నేటికిని దాటుచున్నారు.