ప్రాణదాత యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం ఆ కుటుంబాన్ని వెన్నాడింది. పదమూడేళ్ళ ప్రాయంలో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచిన ఆ బాలుణ్ణి తల్లి వెనుకకు రప్పించి, మరల చదువులో నిలిపింది.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. అంతకన్న పెద్ద దెబ్బ మరొకటి తగిలింది. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో స్వల్ప వ్యవధిలోనే కన్నుమూశారు. ఆ వేదనే ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

మామగారి సహాయంతో 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేస్తూ హార్వర్డులో చదువు సాగించారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. భాస్వరం చుట్టూ మాలిబ్డినం అనే లోహపు పరమాణువులు చేరి ఏర్పడే సంక్లిష్ట సమ్మేళనాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతే భాస్వరం పరిమాణాన్ని తెలుపుతుంది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.ల ఆవిష్కరణలోనూ ఆయన భాగస్వామి. అయినప్పటికీ హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగం లభించలేదు.

1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. స్ప్రూ వ్యాధిని నయంచేసే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. కణవిభజనకు ఈ ఆమ్లం అత్యవసరం. దానిని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాన్నిస్తే కేన్సరు కణాల వృద్ధి ఆగుతుంది. ఆ ఆలోచన ఫలితమే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్. సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పదహారు మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇవ్వగా పది మందిలో మెరుగుదల కనిపించింది. అది తాత్కాలికమే అయినా, అంతవరకు మృత్యువే గతి అనుకున్న వ్యాధికి మందు ఉండగలదని 1948లో లోకానికి తెలిసింది.

తరువాతి కాలంలో లోహ సమ్మేళనాలు కూడా ఈ పోరాటంలో చేరాయి. 1844లోనే తయారైన ప్లాటినం సమ్మేళనం సిస్‌ప్లాటిన్, కణవిభజనను ఆపగలదని 1965లో రోజెన్‌బర్గ్ గుర్తించాడు. 1978లో అది అమెరికాలో ఔషధంగా ఆమోదం పొందింది. మార్గాలు వేరైనా రెండు మందుల లక్ష్యం ఒక్కటే: కేన్సరు కణంలో డి.ఎన్.ఏ. రెట్టింపు కాకుండా నిలువరించడం.

బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా సుబ్బారావు బృందం అందించినదే. అయితే ఆయన మరల స్వదేశం చూడలేదు. భార్య శేషగిరిని కలుసుకోలేదు. 1948 ఆగస్టులో, యాభైమూడేళ్ళ వయసులో న్యూయార్కులో మరణించారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది. సోదరులను కాపాడుకోలేకపోయిన ఆ వైద్యుని కృషి నేటికీ ఎందరో తల్లుల కన్నీరు తుడుస్తున్నది.