సోలాపూర్ చెరువు తవ్విన సిద్ధరాముడు

సోలాపూర్: సంక్రాంతి వచ్చిందంటే బాళీవేస్‌లోని హిరేహబ్బు వాడా నుంచి ఏడు నందిధ్వజాలు లేస్తాయి. తెల్ల బారాబందీలు తొడుక్కున్న జనం వాటిని మోస్తూ ఊరంతా తిరుగుతారు. సాఖర్‌పేట్, దాజీపేట్, కన్నా చౌక్ నుంచి మన పద్మశాలి కుటుంబాలు పిల్లల్ని భుజాలకెత్తుకుని చూడ్డానికి పోతాయి. తర్వాత గడ్డా జాతరలో తిరిగి, మిఠాయో బొమ్మో కొనుక్కుని ఇంటికొస్తారు. జాతర సిద్ధేశ్వరుడిదని చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. ఆ సిద్ధేశ్వరుడు ఒకప్పుడు మనిషిగా పుట్టి, ఈ ఊళ్లోనే పశువుల్ని కాసి, ఊరి జనంతో కలిసి తట్ట మోసి చెరువు తవ్వినవాడన్న సంగతి మాత్రం అందరికీ తెలియదు.

ఆయన అసలు పేరు సిద్ధరాముడు. 12వ శతాబ్దం మనిషి. కల్యాణంలో బసవణ్ణ, అల్లమప్రభు ఉన్న కాలమే ఆయనదీ. ఆయన జీవితాన్ని రాఘవాంకుడు అనే కన్నడ కవి సిద్ధరామ చరిత్రగా రాశాడు. అందులో చరిత్ర ఉంది, భక్తుల నమ్మకమూ ఉంది. రెండింటినీ విడదీయడం కష్టం. కానీ చెరువు మాత్రం కళ్లముందే ఉంది. కోట పక్కన, గుడి చుట్టూ నీళ్లతో ఇప్పటికీ ఉంది.

పశువులు కాసిన పిల్లాడు

అప్పట్లో ఈ ఊరు సొన్నలిగె. ముద్దుగౌడ, సుగ్గవ్వ దంపతులకు సిద్ధరాముడు పుట్టాడు. పిల్లాడు పెద్దగా మాట్లాడేవాడు కాదు. అందరి పిల్లల్లా ఆడేవాడూ కాదు. వీడికి ఏమీ రాదనుకుని ఇంట్లోవాళ్లు పశువుల వెంట పంపారు.

ఒకరోజు పొలం దగ్గరికి ఓ జంగమయ్య వచ్చాడు. పేరు మల్లయ్య అన్నాడు. ఆకలవుతోందన్నాడు. పిల్లాడు లేత కంకులు కాల్చి పెట్టాడు. మనోళ్లు ఊచబియ్యం అంటారే, ఇక్కడ హుర్డా అంటారే, అలాంటివే. అవి తిని జంగమయ్య పెరుగన్నం కావాలన్నాడు. పిల్లాడు ఇంటికి పరుగెత్తి అమ్మ దగ్గర అన్నం కట్టించుకుని వచ్చేసరికి మల్లయ్య లేడు. అన్నం మూట పట్టుకుని మల్లయ్యా మల్లయ్యా అని పొలాలన్నీ తిరిగాడు. శ్రీశైలం పోయే యాత్రికులు కనబడితే, మల్లయ్య ఉండేది అక్కడేనని విని వాళ్ల వెంట నడిచాడు.

శ్రీశైలంలో వాళ్లు లింగాన్ని చూపించి ఇదే మల్లయ్య అన్నారు. పిల్లాడు ఒప్పుకోలేదు. తన చేతి కంకులు తిన్న మల్లయ్య కావాలన్నాడు. కొండలన్నీ వెతికి, దొరక్క, చివరికి లోయలోకి దూకబోయాడు. అప్పుడు మల్లయ్యే వచ్చి చెయ్యి పట్టుకున్నాడని కథ. తన దగ్గరే ఉండిపొమ్మని మాత్రం అనలేదట. సొన్నలిగెకు తిరిగి పొమ్మన్నాడు. అక్కడ గుడి కట్టి, చెరువు తవ్వి, ఆ ఊరినే శ్రీశైలం చేయమన్నాడు.

సోలాపూర్ తెలుగువాళ్లకు ఈ కథ దగ్గరగా అనిపించేది ఇక్కడే. సోలాపూర్ దేవుడికి దారి చూపింది తెలుగుగడ్డ మీది శ్రీశైలం. ఆయన ప్రతిష్ఠించిన దేవుడు కపిలసిద్ధ మల్లికార్జునుడు.

తట్ట, పార పట్టిన ఊరు

సొన్నలిగెకు నది దగ్గర్లో లేదు. పడమటి కనుమలకు వెనకాల, వాన నీడలో ఉన్న నేల. మేఘాలు అటే కురిసి ఇటు ఖాళీగా వస్తాయి. పైన నల్లమట్టి, కింద నల్లరాయి. వాన పడితే గట్టిగా పడుతుంది, పడ్డ నీళ్లు వాగుల్లో పోతాయి. ఎండాకాలానికి బావులు అడుగంటుతాయి. ఇలాంటి చోట పడ్డ నీటిని ఆపితేనే మనిషికీ పశువుకీ గుక్కెడు నీళ్లు. చెరువు నిండితే దాని నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి చుట్టుపక్కల బావుల్లో ఊరతాయి.

ఊళ్లోకి తిరిగొచ్చిన సిద్ధరాముడు ఈ పనే ఎత్తుకున్నాడు. స్థానిక రాణి చామలాదేవి భూమి ఇచ్చిందని చెబుతారు. కూలికి కాకుండా భక్తితో వచ్చినవాళ్లే వేలమంది మట్టి తవ్వి మోశారని కథనం. ఆయన కూడా వాళ్లతోపాటే పనిచేశాడట. చెరువుతో ఆగలేదు. ఊరి చుట్టూ పంచక్రోశ పరిధిలో 68 లింగాలు ప్రతిష్ఠించాడు. అన్నసత్రాలు నడిపాడు. పేదింటి పెళ్లిళ్లు సామూహికంగా చేయించాడని కూడా జనం చెప్పుకుంటారు.

చెరువు తవ్వడమంటే గుంత తీయడమొక్కటే కాదు. కట్ట గట్టిగా నిలవాలి. ఎక్కువైన నీరు పోయేందుకు మత్తడి ఉండాలి. కట్ట తెగితే కింద ఉన్నవాళ్ల ఇళ్లు పోతాయి. ఏటా పూడిక తీయాలి, కట్ట మీద మొలిచిన చెట్లు కొట్టాలి. అంటే ఒక తరం తవ్వితే సరిపోదు, తర్వాతి తరాలూ చెయ్యి వేస్తూనే ఉండాలి. వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు ఇది కొత్త కాదు. సిద్ధరాముడి తర్వాత కొన్ని దశాబ్దాలకు కాకతీయుల ఏలుబడిలో రామప్ప, పాకాల చెరువులు కట్టిందీ ఇదే పద్ధతిలో.

ఒడ్డ అన్న మాట

చెరువు పని జోరుగా సాగుతున్నప్పుడు అల్లమప్రభు ఆ దారిన వచ్చాడు. మట్టి మోస్తున్నవాళ్లను చూసి, మీ ఒడ్డ సిద్ధరాముడు ఎక్కడని అడిగాడట. ఒడ్డ అంటే మట్టిపని చేసే వడ్డెర. గురువును అంతమాట అంటాడా అని జనానికి కోపం వచ్చి రాళ్లు విసిరారు. రాళ్లేవీ ఆయనకు తగల్లేదంటారు. సంగతి తెలిసి సిద్ధరాముడూ కోపంగానే వచ్చాడు.

అక్కడ ఇద్దరికీ పెద్ద వాదమే జరిగింది. చెరువు తవ్వడం తప్పని అల్లముడు అనలేదు. నేను తవ్వాను, నేను కట్టాను, ఇది నా పుణ్యం అనుకుంటే ఆ నేనే సంకెల అవుతుందన్నది ఆయన మాట సారాంశం. ఒడ్డ అంటే కోపం ఎందుకొచ్చిందో కూడా ఆలోచించుకోవాల్సి వచ్చింది. మట్టి మోసేవాళ్లతో కలిసి మోస్తూ, వాళ్ల పేరుతో పిలిస్తే అవమానం అనుకోవడం ఏమిటి?

సిద్ధరాముడు ఆ దెబ్బ తీసుకున్నాడు. అల్లముడి వెంట కల్యాణం వెళ్లాడు. అక్కడ బసవణ్ణను కలిశాడు. చెన్నబసవణ్ణ నుంచి ఇష్టలింగ దీక్ష తీసుకున్నాడు. కులం, పని పేరుతో ఎక్కువ తక్కువలు ఎంచని అనుభవ మంటపంలో కూర్చున్నాడు. కపిలసిద్ధ మల్లికార్జున అన్న ముద్రతో వచనాలు చెప్పాడు. వాటిలో వేయికి పైగా ఇవాళ దొరుకుతున్నాయి. అల్లమప్రభు, చెన్నబసవణ్ణల తర్వాత శూన్యసింహాసనం ఎక్కింది ఆయనేనని వీరశైవ సంప్రదాయం చెబుతుంది.

ఆ ఒడ్డ అన్న మాట తర్వాత ఏమైందో చూస్తే ఆశ్చర్యం. కర్ణాటకలో రాళ్లు కొట్టి, చెరువులు తవ్వి బతికిన భోవి, వడ్డర సమాజం ఆయన్ని తమ కులగురువుగా కొలుస్తుంది. ఆయన జయంతిని సంక్రాంతి రోజుల్లో అక్కడి ప్రభుత్వం కూడా జరుపుతుంది. ఎగతాళిగా అన్న పేరే గౌరవమైంది.

నీళ్ల నడుమ సమాధి

కల్యాణంలో గొడవలు చెలరేగి శరణులు చెదిరిపోయాక సిద్ధరాముడు సొన్నలిగెకే తిరిగొచ్చాడు. తాను తవ్వించిన చెరువు నడుమనే జీవసమాధి పొందాడని భక్తుల నమ్మకం. సిద్ధేశ్వర మందిరం ఉన్నది అక్కడే.

సంక్రాంతికి సమ్మతి కట్ట దగ్గర జరిగే అక్షత వెనక కూడా ఒక కథ ఉంది. ఆయన వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే కుమ్మరి అమ్మాయి ఆయన్నే పెళ్లాడతానంది. తాను యోగినని ఆయన ఒప్పుకోలేదు. చివరికి తన యోగదండంతో పెళ్లికి సరేనన్నాడు. నందిధ్వజాలు ఆ యోగదండానికి గుర్తు. మర్నాడు హోమ మైదానంలో హోమం జరుగుతుంది. అంతకుముందు 68 లింగాలకూ తైలాభిషేకం చేస్తూ ఊరు చుట్టి రావడం ఆనవాయితీ. ఊరి పొలిమేర ఎక్కడుందో, ఎవరి పేట ఎటుందో ఆ ప్రదక్షిణలో తెలిసిపోతుంది.

చెరువు సరిపోని ఊరు

తర్వాత ఊరు పెరిగింది. బహమనీల కాలంలో చెరువు పక్కన కోట లేచింది. 1871 నాటికి బ్రిటిష్ ఇంజనీర్లు హిప్పర్గా దగ్గర ఏక్రుఖ్ చెరువు కట్టారు. 1876–78 కరువు దక్కన్‌ను ఊపేసింది. ఆ కరువు నడుమే, 1877లో, ఇక్కడ మొదటి నూలు మిల్లు వచ్చింది. నిజాం రాజ్యం నుంచి మగ్గం చేతబట్టుకుని మనవాళ్లు వచ్చి తూర్పు పేటల్లో నిలబడ్డారు. నూలుకు రంగు అద్దాలన్నా, గంజి పట్టాలన్నా నీళ్లే కావాలి. సోలాపూర్ చద్దర్ మీద నెమలి ఎంత అందంగా దిగినా, దాని వెనక బిందెల కొద్దీ నీళ్లుంటాయి.

1972 కరువు మళ్లీ అదే పాఠం చెప్పింది. 1980లో భీమా నది మీద ఉజని ఆనకట్ట పూర్తయి, అక్కడి నుంచి పైపుల్లో ఊరికి నీళ్లొచ్చాయి. అయినా రోజుల తరబడి కుళాయి కోసం ఎదురుచూసిన అనుభవం ఈ పేటల్లో ప్రతి ఇంటికీ ఉంది. దూరం నుంచి నీళ్లు రావడం మొదలయ్యాక దగ్గరున్న చెరువును పట్టించుకోవడం తగ్గింది. తాగే నీరు కాదు కదా అని చెత్త, పూజాసామగ్రి అందులోనే వేస్తున్నాం. చెరువు తవ్వినవాణ్ణి దేవుణ్ణి చేశాం, ఆయన తవ్విన చెరువును మాత్రం మున్సిపాలిటీ పని అనుకున్నాం.

తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ కింద పాత చెరువుల పూడిక తీసినప్పుడు చాలాచోట్ల రైతులే ఆ మట్టిని బండ్లలో తోలుకుని పొలాల్లో వేసుకున్నారు. ఊరు చెయ్యి వేస్తే చెరువు బతుకుతుందనడానికి అది దగ్గరి ఉదాహరణ. సిద్ధరాముడు 800 ఏళ్ల కిందట చేసి చూపిందీ అదే.

వచ్చే సంక్రాంతికి గుడికి వెళ్లేవాళ్లు సమాధికి దండం పెట్టుకున్నాక ఒక్క నిమిషం చుట్టూ ఉన్న నీళ్లను చూస్తే చాలు. కొబ్బరి చిప్ప, ప్లాస్టిక్ సంచి అందులో వేయకుండా ఇంటికి తెచ్చుకుంటే, ఆయన మొదలుపెట్టిన పనిలో మనమూ ఓ తట్ట మోసినట్టే.