కందకంలో దేవుడు: కవి సైనికుడు విల్‌ఫ్రెడ్ ఓవెన్

ప్రాణం మీదికి వస్తే ఎంతటి నాస్తికుడైనా దేవుణ్ణి తలుచుకుంటాడని మన పెద్దలు అంటుంటారు. యుద్ధ కందకాల్లో నాస్తికులు ఉండరనే మాట ఇంగ్లీషులోనూ సామెతలా స్థిరపడిపోయింది. ఇందులో నిజం ఎంత? మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి 25 ఏళ్లకే నేలకొరిగిన ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ జీవితం చదివినప్పుడు మాకు ఈ ప్రశ్న గట్టిగా తగిలింది. డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదివిన మన సీనియర్లకు ఆయన పేరు కొత్త కాదు. తమ్ముళ్ల కోసం ఆ జీవితాన్ని ఇక్కడ క్లుప్తంగా పరిచయం చేస్తున్నాం.

ఓవెన్ 1893 మార్చి 18న ఇంగ్లండ్‌లోని ఆస్వెస్ట్రీలో జన్మించాడు. తండ్రి టామ్ రైల్వే ఉద్యోగి. తల్లి సుసాన్ గొప్ప భక్తురాలు. నలుగురు పిల్లల్లో ఓవెన్ పెద్దవాడు. తాతగారి పెద్ద ఇంట్లో హాయిగా మొదలైన బాల్యం నాలుగేళ్లకే తలకిందులైంది. 1897లో తాత చనిపోగానే ఆ ఇంటిని అమ్మేశారు. కుటుంబం బర్కెన్‌హెడ్ అనే ఊళ్లో పేదల వీధుల్లో కాపురం పెట్టింది. 1907లో ష్రూస్‌బరీకి మారింది. ఇన్ని మార్పుల్లోనూ మారనిది తల్లి భక్తి. ఆమె చేత బైబిలు చదువుతూ పెరిగిన ఓవెన్‌కు ఆ పుస్తకంలోని భాషే మొదటి కవిత్వ పాఠం అయింది.

1911లో ఓవెన్ లండన్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష పాసయ్యాడు. కానీ స్కాలర్‌షిప్పు తెచ్చుకోవడానికి ఆ మార్కులు చాలలేదు. సొంత డబ్బుతో చదివించే స్తోమత ఇంట్లో లేదు. అప్పుడు రెడింగ్ పట్టణం దగ్గర డన్స్‌డెన్ అనే పల్లెలో ఒక పాదిరి దగ్గర సహాయకుడిగా చేరాడు. చర్చి పనులు చేసిపెడితే ఉండటానికి చోటు, తిండి, కొంత చదువు చెప్పడం అని ఒప్పందం. తిండీ నీడా దొరికితే చదువు సాగుతుందనే ఆశ ఎలాంటిదో మన హాస్టల్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ పల్లెలో ఓవెన్ పని పేదల ఇళ్లకు వెళ్లి పలకరించడం, రోగుల పక్కన కూర్చోవడం, పిల్లలకు పాఠాలు చెప్పడం. కూలీల ఇళ్లలో ఆకలీ జబ్బులూ దగ్గరగా చూశాడు. తిరిగి వచ్చి చూస్తే పాదిరిగారి ఇంట్లో ఏ లోటూ లేని జీవితం. ఈ బాధలకు చర్చి చెబుతున్న జవాబు అతనికి చాలలేదు. లోపల చాలా ఘర్షణ పడి, ఆరోగ్యం కూడా పాడుచేసుకుని, 1913 ఫిబ్రవరిలో ఆ ఊరు విడిచి వచ్చేశాడు. తల్లి కోరుకున్నట్టు చర్చి సేవలో స్థిరపడే ఆలోచన అంతటితో ముగిసింది. ఒక విషయం గమనించాలి. ఓవెన్ విశ్వాసాన్ని మొదట కదిలించింది ఫిరంగులు కావు. ప్రశాంతమైన ఒక పల్లెలోని పేదరికం.

తర్వాత ఫ్రాన్సులోని బోర్డో నగరంలో ఇంగ్లీషు చెబుతూ బతికాడు. 1914లో యుద్ధం వచ్చింది. 1915 అక్టోబరులో సైన్యంలో చేరాడు. 1916 జూన్‌లో మాంచెస్టర్ రెజిమెంట్‌లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు.

అప్పటి బ్రిటిష్ సైన్యంలో మతం ఒక నిబంధన. చేరేటప్పుడే సైనికుడి మతశాఖ రాసుకునేవారు. మెడలో వేసే గుర్తింపు బిళ్ల మీద కూడా అది ఉండేది. ఆదివారం వరుస కట్టి ప్రార్థనకు వెళ్లడం తప్పనిసరి. అవతల జర్మన్ సైనికుల బెల్టు బిళ్ల మీద దేవుడు మా వైపే ఉన్నాడనే అర్థం వచ్చే మాట ఉండేది. ఒకే దేవుడికి రెండు వైపుల నుంచీ గెలుపు కోసం ప్రార్థనలు వెళ్లేవి.

1917 జనవరిలో ఓవెన్ మొదటిసారి ముందు వరుసకు వెళ్లాడు. రెండు సైన్యాల మధ్య ఉన్న ఒక నేలమాళిగలో 25 మందితో దాదాపు 50 గంటలు గడపాల్సి వచ్చింది. లోపల నీళ్లు, పైన ఎడతెగని గుండ్ల వాన. కాపలాగా నిలబెట్టిన సైనికుడొకడు పేలుడు దెబ్బకు చూపు కోల్పోయాడు. ఆ కుర్రవాడు ఓవెన్‌ను జీవితాంతం వదల్లేదు. ఏప్రిల్‌లో ఒక గుండు పక్కనే పడి ఓవెన్‌ను ఎగరేసింది. తన తోటి అధికారి శరీర భాగాలు పడి ఉన్న చోటే కొన్ని రోజులు తలదాచుకోవాల్సి వచ్చింది. దాంతో మనసు దెబ్బతింది. అప్పట్లో దీన్ని షెల్ షాక్ అనేవారు. కొందరు దాన్ని పిరికితనం అని కూడా అనుకునేవారు.

మరి ఇంత భయంలో ఓవెన్ చర్చి దగ్గరికి తిరిగి వెళ్లాడా? 1917 మే నెలలో ఆసుపత్రి నుంచి తల్లికి రాసిన ఉత్తరంలో తన మనసు విప్పాడు. అవమానమైనా భరించు, చావుకైనా సిద్ధపడు, కానీ చంపకు అన్నదే క్రీస్తు బోధ అని తనకు అర్థమైందని రాశాడు. ఆ బోధను దేశాల చర్చిలు కావాలనే పక్కన పెట్టాయని ఆరోపించాడు. తుపాకీ పట్టిన తాను కూడా ఆ బోధను మీరుతున్నానని దాచకుండా ఒప్పుకున్నాడు. అంటే చర్చి మీద నమ్మకం పోయింది. సిలువ మీది మనిషి మీద ప్రేమ మిగిలింది. ఆ ప్రేమ ఇప్పుడు పక్కనున్న సైనికుల మీదికి మళ్లింది. 1918 వేసవిలో కొత్తవాళ్లకు డ్రిల్లు నేర్పుతూ, క్రీస్తుకు సిలువ మోయడం నేర్పుతున్నట్టుందని ఒక మిత్రుడికి రాశాడు.

చికిత్స కోసం 1917 జూన్‌లో ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి పంపారు. అక్కడే మరో కవి సైనికుడు సీగ్‌ఫ్రీడ్ ససూన్‌తో స్నేహం కుదిరింది. తర్వాతి ఏడాది కాలంలోనే ఓవెన్ గొప్ప కవితలు చాలావరకు పుట్టాయి. ఒక కవితలో చనిపోయిన కుర్రాళ్లకు చర్చి గంటలకు బదులు ఫిరంగి మోతలే అంత్యక్రియలవుతాయి. మరొక కవితలో అబ్రహాము ఇస్సాకు కథను తిరగరాశాడు. బైబిలులో దేవదూత ఆపగానే తండ్రి కొడుకును వదిలేస్తాడు. ఓవెన్ కవితలో ముసలివాడు ఆ మాట వినడు. కొడుకునూ, వాడితో పాటు యూరప్ పిల్లల్లో సగం మందినీ బలి ఇస్తాడు.

అయితే అందరూ ఓవెన్ లాగే ఆలోచించారని చెప్పలేం. బైబిలు జేబులో పెట్టుకుని ధైర్యం తెచ్చుకున్నవాళ్లూ ఎందరో ఉన్నారు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి 10 లక్షలకు పైగా సైనికులు సముద్రాలు దాటి వెళ్లారు. గాయపడిన వాళ్ల కోసం బ్రైటన్‌లో పెట్టిన ఆసుపత్రిలో ఆచారాలను బట్టి తొమ్మిది వంటశాలలు నడిచాయి. అక్కడ చనిపోయిన హిందువులకు, సిక్కులకు కొండ మీద దహన సంస్కారం జరిగింది. ముస్లింలను వోకింగ్ దగ్గర ఖననం చేశారు. పరాయి నేల మీద ఆ విశ్వాసమే వాళ్లకు ఇంటి గుర్తు.

స్నేహితులు ఇంగ్లండ్‌లోనే ఏదైనా పని ఇప్పించాలని ప్రయత్నించినా ఓవెన్ 1918 ఆగస్టు చివర మళ్లీ ఫ్రాన్సుకు వెళ్లాడు. అక్టోబరు మొదట్లో జోంకూర్ దగ్గర చూపిన సాహసానికి మిలిటరీ క్రాస్ లభించింది. తన కుర్రాళ్లను సరిగా నడిపించడానికి, వాళ్ల బాధలు చూసి లోకానికి చెప్పడానికే వచ్చానని తల్లికి రాశాడు. నవంబరు 4 తెల్లవారుజామున ఓర్స్ గ్రామం దగ్గర కాలువ దాటిస్తూ తూటాలకు బలయ్యాడు. సరిగ్గా వారానికి, నవంబరు 11న యుద్ధం ముగిసిందని ష్రూస్‌బరీలో చర్చి గంటలు మోగుతుండగా ఆ తల్లి చేతికి టెలిగ్రాం అందింది.

ఓవెన్ బతికుండగా అచ్చయినవి ఐదు కవితలే. 1920లో ససూన్ పుస్తకం తెచ్చాకే లోకానికి తెలిశాడు. అదే ఏడాది సుసాన్ మన రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఉత్తరం రాసింది. చివరిసారి ఇల్లు వదిలేటప్పుడు కొడుకు చెప్పిన వీడ్కోలు మాటలు ఠాగూర్‌వేనని, అతని పాకెట్ పుస్తకంలో అవి రాసుకుని ఉన్నాయని తెలిపింది. అవి గీతాంజలిలోనివి.

ఓవెన్ ఉత్తరాల్లో ఐదు వందలకు పైగా తల్లికి రాసినవే. నమ్మకాలు వేరైనా ఆ ఉత్తరాలు ఆగలేదు. సందేహాలను ఆమె దగ్గర దాచలేదు. మనలో చాలామందికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. ఊళ్లో అమ్మ మన పరీక్షల కోసం ఉపవాసం ఉంటుంది, ప్రార్థన చేస్తుంది. ఇక్కడ మనం పుస్తకాలు చదివి, చర్చల్లో పాల్గొని ప్రశ్నలు నేర్చుకుంటాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ ప్రశ్నలను మింగేయడమో, అమ్మ నమ్మకాన్ని ఎగతాళి చేయడమో జరుగుతుంది. ఓవెన్ ఈ రెండూ చేయలేదు. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే గదిలో పడుకుని, ఒకే పళ్లెంలో పంచుకు తినే మన హాస్టల్లో ఇది గుర్తుంచుకోదగ్గ విషయం అని మేము భావిస్తున్నాం.

ఓర్స్ శ్మశానంలో ఓవెన్ సమాధి మీద అతని కవితలోంచి తల్లి ఎంచుకున్న మాటలు చెక్కి ఉన్నాయి. దేవుడు మరణాన్ని రద్దు చేస్తాడా అని కొడుకు కవితలో సందేహంగా అడిగాడు. రాతి మీద ఆ చివరి ప్రశ్న గుర్తు లేదు. అక్కడ అది తల్లి నమ్మకంగా నిలిచింది. కొడుకు ప్రశ్న మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.