చెత్తకుప్పలోంచి ప్రయోగశాల
(జార్జ్ వాషింగ్టన్ కార్వర్ జీవితం)



ఈ నెల గోడపత్రికలో ఇంట్లో దొరికే వస్తువులతో చేసే పనుల గురించి రాయాలని అందరం అనుకున్నాం. కొబ్బరిచిప్పల బొమ్మలు, పాత గాజుల తోరణం ఎట్లా చేయాలో ఎనిమిదో తరగతి వాళ్లు కుడిపక్క రాశారు, అవి కూడా చదవండి. నేను మాత్రం ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు జార్జ్ వాషింగ్టన్ కార్వర్. అమెరికా దేశంలో నల్లజాతి శాస్త్రవేత్త. పల్లీల శాస్త్రవేత్త అని ఆయనకు పేరు. కానీ నాకు నచ్చింది పల్లీల సంగతి కాదు. ఆయన ఏ వస్తువునూ ఊరికే పారేసేవారు కాదు, అది నచ్చింది.

కార్వర్ ఏ రోజు పుట్టారో ఎవరికీ తెలియదు. 1864 ప్రాంతంలో అంటారు. మన అమ్మానాన్నల్లో కూడా చాలామందికి పుట్టిన తేదీ తెలియదు గదా. మనకైతే బడిలో చేర్చేటప్పుడు సార్లు ఒక తేదీ వేస్తారు. ఆయనకు అట్లా వేసేవాళ్లు కూడా లేరు, ఎందుకంటే ఆయన తల్లి మేరీ బానిస. మిస్సోరి రాష్ట్రంలో డైమండ్ అనే ఊరి దగ్గర మోజెస్ కార్వర్ అనే రైతు ఆమెను కొనుక్కున్నాడు. అప్పుడు అక్కడ మనుషుల్ని ఎడ్లను కొన్నట్టు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. జార్జి పసిబిడ్డగా ఉండగా ఒక రాత్రి దొంగలు వచ్చి తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయారు. మోజెస్ వెతకడానికి ఒక మనిషిని పంపాడు. బిడ్డ ఒక్కడే దొరికాడు. అప్పటికే కోరింత దగ్గుతో చావుబతుకుల్లో ఉన్నాడు. తెచ్చి ఇచ్చినందుకు మోజెస్ ఆ మనిషికి ఒక గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి మళ్లీ ఎప్పుడూ కనపడలేదు. తండ్రి కూడా ఒక ప్రమాదంలో చనిపోయాడు.

1865లో బానిసత్వం పోయింది. మోజెస్, ఆయన భార్య సుసాన్ కలిసి జార్జినీ అన్న జిమ్‌నీ తమ ఇంట్లోనే పెంచారు. జిమ్ గట్టివాడు, పొలం పనికి పోయేవాడు. జార్జికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. అందుకని సుసాన్ దగ్గర ఉండి వంట, బట్టలు ఉతకడం, కుట్టు, అల్లిక నేర్చుకున్నాడు. మగపిల్లాడికి ఈ పనులేంటి అని మా ఊళ్లో అయితే నవ్వుతారు. ముందుముందు చూడండి, ఆయన కడుపు నింపింది ఈ పనులే.

పని అయిపోగానే అడవిలోకి పోయేవాడు. మొక్కలు తెచ్చి ఎవరికీ కనపడకుండా ఒక చిన్న తోట పెంచుకున్నాడు. వాడిపోయిన మొక్కల్ని బతికిస్తాడని చుట్టుపక్కల వాళ్లు మొక్కల డాక్టరు అని పిలిచేవాళ్లు. బొమ్మలు వేయడమంటే కూడా ఇష్టం. రంగులు కొనడానికి డబ్బులు లేవు. పండ్ల రసం, చెట్టు బెరడు, వేర్లు వీటితోనే రంగులు చేసుకుని రేకు ముక్క దొరికితే రేకు మీద, చెక్క దొరికితే చెక్క మీద వేసేవాడు.

దగ్గర్లో ఉన్న బడి తెల్లపిల్లలకే. నల్లపిల్లల బడి నియోషో అనే ఊళ్లో ఉంది, పది కిలోమీటర్లు దాటిన దూరం. పదకొండు పన్నెండేళ్ల వయసులో జార్జి నడుచుకుంటూ ఒక్కడే పోయాడు. అక్కడ మరియా వాట్కిన్స్ అనే ఆమె ఇంట్లో ఉండనిచ్చారు. ఆమె బట్టలు ఉతికేది, కాన్పులు చేసేది. బడి పక్కనే ఇల్లు. మధ్యాహ్నం గంట కొడితే కంచె దూకి వచ్చి బట్టలు రుద్ది, మళ్లీ గంట కొట్టేసరికి బడికి పరుగెత్తేవాడు. అంతకుముందు వరకు ఆయన్ని కార్వర్ వాళ్ల జార్జి అనేవాళ్లు, అంటే ఫలానా వాళ్ల పశువు అన్నట్టు. అట్లా చెప్పుకోవద్దని, జార్జ్ కార్వర్ అని చెప్పుకోమని మరియా నేర్పింది. ఎంత చదివితే అంత చదువు, చదివింది మన జనానికి తిరిగి ఇవ్వాలి అని కూడా ఆమే చెప్పింది.

తర్వాత కాన్సాస్ రాష్ట్రంలో ఊళ్లూళ్లూ తిరుగుతూ చదివారు. ఎక్కడికి పోయినా వంట చేయడమో బట్టలు ఉతకడమో చేసి బతికేవారు. 1879లో ఫోర్ట్ స్కాట్ అనే ఊళ్లో ఒక నల్లమనిషిని జైల్లోంచి లాక్కొచ్చి గుంపు చంపేసి కాల్చడం కళ్లారా చూశారు. ఆ ఊరు వదిలి వెళ్లిపోయారు. 1885లో హైలాండ్ అనే కాలేజీకి ఉత్తరం రాస్తే సీటు ఇచ్చామని జవాబు వచ్చింది. తీరా పోతే, నల్లవాడని చూసి చేర్చుకోలేదు. ఇక్కడ చదువు మానేసేవాళ్లే ఎక్కువమంది ఉంటారనుకుంటా. ఆయన పడమటి కాన్సాస్‌లో చెట్టు అనేది లేని మైదానంలో కొంత భూమి తీసుకున్నారు. ఇంటికి కర్ర లేదు, రాయి లేదు. గడ్డి వేర్లతో సహా మట్టిని ఇటుకల్లాగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇల్లు కట్టుకున్నారు. అందులోనే మొక్కలు పెంచారు, బొమ్మలు వేశారు.

1890లో అయోవా రాష్ట్రంలో సింప్సన్ కాలేజీ ఆయన్ని చేర్చుకుంది. ఫీజు కట్టాక చేతిలో 10 సెంట్లే మిగిలాయంటారు. దాంతో మొక్కజొన్న పిండి, పశువుల కొవ్వు కొని కొన్నాళ్లు గడిపారు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి, ఖాళీ పెట్టెల మీద కూర్చుని చదివారు. చిత్రలేఖనం నేర్పే ఎట్టా బడ్ మేడమ్ ఆయన వేసిన పూల బొమ్మలు చూసి, వ్యవసాయం చదివితే బతుకుతావని చెప్పి 1891లో ఏమ్స్‌లోని వ్యవసాయ కాలేజీకి పంపారు. అక్కడ ఆయనే మొదటి నల్ల విద్యార్థి. 1894లో డిగ్రీ, 1896లో పైడిగ్రీ వచ్చాయి. బొమ్మలు కూడా మానలేదు. ఆయన వేసిన మొక్కల బొమ్మ 1893లో షికాగో పెద్ద ఎగ్జిబిషన్‌కు పోయింది.

1896లో అలబామా రాష్ట్రంలోని టస్కేగీ నుంచి బుకర్ టి. వాషింగ్టన్ గారు రమ్మని పిలిచారు. ఆయన కూడా బానిస తల్లికి పుట్టినవారే. నల్లపిల్లల కోసం 1881లో ఆ విద్యాసంస్థ మొదలుపెట్టారు. దాని గోడలకు ఇటుకలు కూడా విద్యార్థులే కాల్చారు. కార్వర్ పోయి చూస్తే వ్యవసాయ విభాగానికి ప్రయోగశాలే లేదు. ఇక్కడి నుంచి నేను బాగా వివరంగా రాస్తాను, మన సంగతి ఇదే కాబట్టి.

ఆయన విద్యార్థుల్ని వెంటపెట్టుకుని చెత్తకుప్పల మీదికి పోయారు. పగిలిన సీసాలు, మూతలు, తీగలు, పాత గిన్నెలు, రబ్బరు ముక్కలు అన్నీ ఏరుకొచ్చారు. సీసాల పైభాగం కోసేస్తే బీకర్లు అయ్యాయి. సిరా సీసా మూతకు బెజ్జం చేసి దారం వత్తి పెడితే ప్రయోగాలకు దీపం అయింది. వంటింట్లో మందపాటి కప్పు కల్వం అయింది. (సీసాలు కోయడం మాత్రం మీరు చేయొద్దు. గాజు ముక్క గుచ్చుకుంటే నర్సమ్మ దగ్గర లైన్ కట్టాలి. దీపం కూడా సైన్సు సారు ముందరే వెలిగించాలి.) ఆ చెత్తతోనే మట్టిని పరీక్షించారు, మొక్కల తెగుళ్లు చూశారు. పరికరాలు లేవు కాబట్టి పాఠం చెప్పను అని ఆయన అనలేదు.

అక్కడి భూమి ఏళ్ల తరబడి పత్తి ఒక్కటే వేసి వేసి సారం పోయింది. రైతులు పేదలు, ఎక్కువమంది నల్లవాళ్లు, కౌలుకు చేసేవాళ్లు, ఎరువులు కొనలేరు. కుళ్లిన ఆకులు, అడవి చెత్త, బురదమట్టి పొలంలో వేయమని చెప్పారు. బొబ్బర్లు, పల్లీలు మార్చి మార్చి వేయమన్నారు. వీటి వేర్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుంది, మన జీవశాస్త్రం పుస్తకంలో ఉంది చూడండి. గెనుసుగడ్డలు కూడా వేయించారు, అవి తిండికి.

చదువురాని రైతులకు ఇదంతా ఎట్లా తెలుస్తుంది? కార్వరే బండి కట్టుకుని ఊళ్లకు పోయేవారు. 1906లో గుర్రాలు లాగే ఒక పెద్ద బండి తయారైంది. డబ్బు ఇచ్చిన జెసప్ అనే ఆయన పేరు పెట్టారు. పనిముట్లు, విత్తనాలు పెట్టుకుని ఊరూరూ తిరిగి అందరి ముందరే చేసి చూపించేవాళ్లు. నాకు ఇది చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చారు. కాగితం ఇస్తే చదవలేరు, ఒకసారి చేసి చూపిస్తే మాత్రం మర్చిపోరు.

చిన్న చిన్న పుస్తకాలు కూడా నలభైకి పైగా రాశారు. 1916లో వచ్చినదాంట్లో పల్లీలు పెంచే విధానం, వాటితో 105 రకాల వంటలు ఉన్నాయి. 1911లో వచ్చినది ఇంటి గోడలకు ఊరి మట్టితో రంగులు వేసుకోవడం గురించి. పేదవాళ్ల ఇళ్లకు రంగే ఉండదు, కొనలేరు. కాళ్ల కింద మాత్రం తెలుపు, పసుపు, ఎరుపు మట్టి బోలెడు ఉంది. అది వాడుకోమన్నారు. ఇది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఇళ్లల్లో అమ్మావాళ్లు చేసేది ఇదే గదా! ఎర్రమట్టిని నీళ్లలో కలిపి కాసేపు కదపకుండా ఉంచితే ఇసుక, రాళ్లు అడుక్కి పోతాయి. పైన తేరిన చిక్కటి నీళ్లు వేరే కుండలోకి వంచుకుని, పాత గుడ్డతో గోడకు పూస్తారు. పండక్కి అంచుకు తెల్లసుద్ద. హాస్టలుకు వచ్చాక మనలో కొందరం అవన్నీ చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. ఇంటి నుంచి సొరబుర్ర తెచ్చుకున్న చెల్లిని చూసి నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. అమెరికాలో ఒక ప్రొఫెసరు మట్టిపూత గురించి పుస్తకం రాస్తే మాత్రం సైన్సు అంటాం. ఈ గోడపత్రిక చుట్టూ ఉన్న ఎర్ర అంచు కూడా బావి పక్క మట్టితోనే వేశాం, దుకాణం రంగు కాదు.

పల్లీల గురించి ఒక మాట రాయకపోతే సార్లు అడుగుతారు. పల్లీలతో పాలు, రంగులు, సబ్బు, సిరా ఇట్లా మూడు వందల దాకా చేశారని చెప్తారు. అందులో కొన్ని అంతకుముందే ఉన్నవి. పల్లీ వెన్న ఆయనే కనిపెట్టారని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది, అది తప్పు. ఆయన తీసుకున్న పేటెంట్లు మూడే. అందుకని ఆయన అంత గొప్ప శాస్త్రవేత్త కాదనేవాళ్లు ఉన్నారు. ఒక పూట తిండి లేని ఇంటికి తిండి ఎట్లా వస్తుందో చెప్పడం నాకైతే చాలా గొప్పగా అనిపించింది. 1921లో వాషింగ్టన్‌లో చట్టసభ కమిటీ ముందు పల్లీల గురించి మాట్లాడటానికి ఆయనకు 10 నిమిషాలే ఇచ్చారు. మొదట ఎగతాళి చేసినవాళ్లు కూడా తర్వాత వింటూ కూర్చున్నారు. టైము పెంచుతూ పోయారు.

ఆయన పెళ్లి చేసుకోలేదు. పాత కోటే వేసుకునేవారు, దాని గుండీ బెజ్జంలో మాత్రం రోజూ ఒక పువ్వు ఉండేది. సుసాన్ నేర్పిన అల్లిక ముసలితనం వరకు వదల్లేదు. లేసు అల్లేవారు, గోనెపట్టా మీద పూలు కుట్టేవారు, మొక్కల నుంచి తీసిన రంగులు దారాలకు అద్దేవారు. దాచుకున్న జీతం డబ్బులు 1940లో పరిశోధన కోసం టస్కేగీకే ఇచ్చేశారు.

1943 జనవరి 5న చనిపోయారు. బుకర్ వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయన సమాధి. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వం ఆయన పుట్టిన పొలాన్ని జాతీయ స్మారక స్థలంగా చేసింది. ఒక నల్లజాతి మనిషికి అట్లా చేయడం అదే మొదటిసారి. ఆయన పేరుతో టస్కేగీలో 1941లో మ్యూజియం తెరిచారు. 1947లో అక్కడ మంటలు లేచి ఆయన వేసిన బొమ్మల్లో చాలావరకు కాలిపోయాయి. తర్వాత దాన్ని బాగుచేశారు.

రాసినది: 9వ తరగతి విద్యార్థిని